మీ హాబీకి ఇంట్లో కాపలా ఎవరు?

ఆమధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మా ఆడపడుచు కొడుకు ఒక ప్రశ్న పడేశాడు. లోకమంతా ఎగబడుతుంది, మీకు మాత్రం అందులో ఏముందో ఇప్పటికీ అంతుపట్టదు, అలాంటి కాలక్షేపం ఏది? అని. మామూలుగా ఆ గ్రూపులో శుభోదయాలూ శుభలేఖలూ తప్ప ఏమీ కదలవు. ఆ రోజు మాత్రం అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉంది. గాలం వేసి చేపలు పట్టడం అని ఒకరు. ఎదురు డబ్బు కట్టి మరీ మారథాన్‌లో పరుగెత్తడం అని ఇంకొకరు. ఎవరు గెలిచారో తెలిసిన మ్యాచ్ హైలైట్స్ మళ్లీ చూడటం, మేడ మీద కుండీల్లో వంకాయలు పండించడం, తెల్లారకుండా లేచి కొంగలకి ఫొటోలు తీయడం, ఇంకెవడో గేమ్ ఆడుతుంటే మనం ఫోన్లో గుడ్లప్పగించి చూడటం, టీవీ సీరియళ్లు. వచ్చిన చిక్కేమిటంటే, ఎవరు ఏ పేరు రాసినా ఆ అలవాటున్న మనిషి ఆ గ్రూపులోనే ఉన్నారు. వంకాయల పిన్ని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

నేను అందులో ఏమీ రాయలేదు. రాయాల్సింది ఒక లైనులో పట్టేది కాదనిపించింది, అందుకే ఇక్కడ.

ముందు ఒకటి ఒప్పుకుందాం. ఒకరికి నచ్చింది ఇంకొకరికి ఎందుకు నచ్చుతుందో చెప్పి ఒప్పించడం అయ్యే పని కాదు. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున సాయంత్రాలు గాలం వేసుకుని కూర్చునే ఒక పెద్దాయన ఉన్నారు, మా వీధే. ఒకసారి నేనూ మావారూ ఆగి, ఏమైనా పడిందా అని అడిగాం. "ఏటి పడతాదమ్మా, నీళ్లెక్కడున్నాయి?" అని నవ్వారు. పడనప్పుడు ఎందుకండీ ఇంతసేపు అని మావారు వదల్లేదు. బెండు కదిలినప్పుడు ఎలాగుంటాదంటే... అని మొదలుపెట్టి, మావారి మొహం చూసి ఆపేశారు. "సెప్పినా తెలవదు బావూ, మీకు."

నాకు ఆ జవాబులో లోపమేమీ కనబడలేదు. మావారికి మాత్రం అది జవాబే కాదు. ఇంటికొచ్చే దాకా "రోజుకి రెండు గంటలు... ఏం లాభం?" అని లెక్కలేస్తూనే ఉన్నారు.

ఆ లెక్కే ఏటొస్తాది ప్రశ్న

మా వైపు ఎవరైనా పని కాని పని చేస్తూ కనిపిస్తే మొదట వచ్చే ప్రశ్న "ఏటొస్తాది నీకు?" ఈ ప్రశ్న మీద చదువుకున్నవాళ్లకి చాలా చిరాకు. అన్నిటికీ లాభం చూస్తారు, అభిరుచి లేని మనుషులు అంటారు. నేను ఆ చిరాకుతో ఏకీభవించను. విజయనగరం పక్కన నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అని ఒక ఊరుంది. అక్కడి ఆడపిల్లలు బరువులెత్తడంలో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. పొలం పని, కూలి పని మీద నడిచే ఇళ్లల్లో ఒక పిల్ల పొద్దున్నా సాయంత్రం ఇనుము ఎత్తుతానంటే, తల్లి ఏమొస్తుందని అడగడం అరసికత ఎలా అవుతుంది? ఆ పిల్లకి గుడ్లూ పాలూ ఎవరో తేవాలి. ఆ పిల్ల చేయని పని ఇంకెవరో చేయాలి. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వస్తుందని ఎవరో ఒకరు చెబితేనే ఆ ఇంట్లో మాట ముందుకెళ్తుంది.

అలాగని ఉద్యోగం కోసమే ఎత్తారంటే అదీ పూర్తి నిజం కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్. అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్ లిఫ్టింగ్ పోటీయే లేదు. 2000లో సిడ్నీలో మొదటిసారి పెట్టారు, 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి ఆమె కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ అని ఇప్పుడు ప్రతి జీకే పుస్తకంలో ఉంది. చిన్నప్పుడు ఆ ఊళ్లో ఇనుప రాడ్డు పట్టుకున్న రోజున మాత్రం, ఒలింపిక్స్‌లో ఏమొస్తుంది అని ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి జవాబు లేదు. ఎత్తడం బాగుందనిపించకపోతే అన్నేళ్లు ఎవరెత్తుతారు?

కాబట్టి ఏటొస్తాది అనే ప్రశ్న తప్పు కాదు. చిల్లులున్న ప్రశ్న, అంతే. ఇంకా పెద్ద తమాషా ఏమిటంటే హాబీ ఉన్నవాళ్లు కూడా ఆ ప్రశ్నకి లొంగిపోయి దాని భాషలోనే జవాబులు చెబుతారు. పరుగెత్తేవాళ్లు షుగర్ కంట్రోల్ అంటారు. వంకాయల పిన్ని పురుగుమందుల్లేని కూర అంటుంది. చదరంగం ఆడే పిల్లాడి తండ్రి బుర్ర పదునెక్కుతుందంటాడు. ఊరికే, బాగుంటుంది కాబట్టి, అని చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలదు. షుగర్ కోసమే అయితే మందుబిళ్లతో పోయే దానికి నాలుగున్నరకి లేచి కళింగపట్నం బీచ్ దాకా పోనక్కర్లేదు కదా.

నా దగ్గర ఉన్నది వేరే ప్రశ్న. నువ్వు ఇందులో మునిగి ఉన్నంతసేపూ నీ వంతు పని ఎవరు చేస్తున్నారు? అది నీకు ఎందుకు నచ్చిందో నాకు అర్థమవ్వాల్సిన పని లేదు. బిల్లు ఎవరు కడుతున్నారో తెలిస్తే చాలు.

విజయనగరం వారి క్రికెట్

బిల్లు అన్నాను కాబట్టి మన వైపు అన్నిటికన్నా ఖరీదైన కాలక్షేపం గుర్తుకొస్తోంది. విజయనగరం మహారాజకుమార్, విజ్జీ. ఆయన పేరు మీద విజయనగరంలో స్టేడియమే ఉంది. ఆయనకి క్రికెట్ మీద ఉన్న ప్రేమని నేను శంకించను. 1930-31లో జాక్ హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ రప్పించి తన జట్టులో ఆడించాడు. ఆ రోజుల్లో ప్రపంచంలో ఓపెనింగ్ బ్యాట్స్‌మెన్ అంటే వాళ్లిద్దరే. సొంత డబ్బు, సొంత సరదా. అంతవరకు ఎవరికీ పేచీ ఉండక్కర్లేదు.

1936లో ఆయన భారత జట్టుకి కెప్టెన్ అయి ఇంగ్లండ్ వెళ్లాడు. మన మొదటి టెస్ట్ కెప్టెన్ సి.కె. నాయుడంతటివాడు అదే జట్టులో ఉండగా. మూడు టెస్టుల్లో విజ్జీ చేసిన పరుగులు మొత్తం 33. రెండు ఓడిపోయాం, ఒకటి డ్రా. ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టుకి ముందే క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపేశారు. ఒక పెద్దమనిషి ముచ్చట తీరడానికి ఒక ఆటగాడి వేసవి మొత్తం పోయింది. ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టేది ఆయనకి ఆట సరిగ్గా రాకపోవడం కాదు. ఆట రాకపోయినా ఆడుకునే హక్కు అందరికీ ఉంది, మా కాలనీ ఖాళీ స్థలంలో ప్రతి ఆదివారం దాన్ని ధారాళంగా వాడుకుంటున్నారు. ఇబ్బందల్లా ఆ ముచ్చట ఖర్చు వేరేవాళ్ల ఖాతాలో పడటం.

రాజుల సంగతి పెద్దది. ఇళ్లల్లో ఇదే చిన్న సైజులో జరుగుతుంది, కాబట్టి కనబడదు.

తేలినీలాపురం కొంగలు

మా బావగారికి, అంటే మావారి అన్నగారికి, పక్షుల ఫొటోల పిచ్చి. చలికాలం వచ్చిందంటే ఆదివారాలన్నీ టెక్కలి దగ్గర తేలినీలాపురంలోనే. గూడబాతులూ, ఆ గులాబీ రంగు రెక్కల ఎర్రకాళ్ల కొంగలూ అక్కడ ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఆ ఊరివాళ్లు వాటిని పుట్టింటికి వచ్చిన కూతుళ్లలాగా చూసుకుంటారు, రాళ్లేస్తే ఊరుకోరు, అవి రాకపోతే ఆ ఏడు మంచిది కాదంటారు. చెట్ల కింద వాసన మాత్రం భరించాలి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో కూడా ఇలాగే, అక్కడ వానలతో పాటు నత్తగుల్ల కొంగలు దిగుతాయి.

అవి సైబీరియా నుంచి వస్తాయని మా జిల్లాలో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. బావగారు దీని మీద గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలరు. గూడబాతులు గానీ ఎర్రకాళ్ల కొంగలు గానీ దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే పుట్టి పెరిగే జాతులు, నీళ్లని బట్టీ మేతని బట్టీ చోటు మారతాయి తప్ప సైబీరియాతో వాటికి చుట్టరికం లేదు అని. నిజమే. ఆయన చెబుతుంటే వినడానికి బాగుంటుంది కూడా. నేను ఆయన హాబీని తక్కువ చేయడం లేదు. మూడు గంటలు కదలకుండా కూర్చుని, ఒక గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలోంచి చేప అందుకునే క్షణం పట్టుకున్న ఫొటో చూస్తే, అందులో ఏముంది అని అడిగే బుద్ధి పుట్టదు.

కానీ ఆ ఆదివారం మా తోడికోడలు నాలుగింటికి లేస్తుంది. ఇడ్లీ పెట్టి, ఫ్లాస్కులో టీ పోసి, టోపీ ఎక్కడుందో వెతికిచ్చి పంపుతుంది. ఆయన మధ్యాహ్నం రెండింటికి బురద బూట్లతో వస్తారు. అప్పటికి అత్తగారి స్నానం, మందులు, పిల్లాడి ట్యూషన్, చేపల బజారు, వంట, అన్నీ అయిపోయి ఉంటాయి. ఆవిడ సాయంత్రం సీరియల్ పెట్టుకుంటే మాత్రం బావగారు, "ఆ ఏడుపులు ఎలా చూస్తావో నాకు అర్థం కాదు" అంటారు. వాట్సాప్ గ్రూపులో సీరియళ్లు అని రాసింది ఆయనే. కొంగలు అని రాసింది ఆవిడ కాదు, వాళ్ల మేనల్లుడు. ఆవిడ ఎవరి గురించీ ఏమీ రాయలేదు.

సీరియల్ చూస్తూ ఆవిడ చేతులు ఊరుకోవు. గోంగూర ఒలుస్తాయి, వెల్లుల్లి తొక్క తీస్తాయి. జనం రోజులో దేనికెంత సమయం పెడుతున్నారో కేంద్రం తీసిన 2024 టైమ్ యూజ్ సర్వే లెక్కల్లో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లని చూస్తే ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు. ఇది చదివి మావారికి చూపిస్తే, ఆయన ఊరుకోకుండా అదే సర్వేలో ఇంకో వరస వెతికి తీశారు. వినోదం, టీవీ, ఆటలు వంటివాటికి మగవాళ్లు 177 నిమిషాలు, ఆడవాళ్లు 164. "చూశావా, పదమూడు నిమిషాలే తేడా. సరదాలో ఇద్దరూ సమానమే" అన్నారు.

మంచి అభ్యంతరమే, తోసేయడానికి లేదు. అయితే ఆ 164 నిమిషాలు ఎలాంటి నిమిషాలు? మధ్యలో కుక్కర్ విజిల్ లెక్కపెట్టాల్సినవీ, కాలింగ్ బెల్ మోగితే లేవాల్సినవీ. బావగారి మూడు గంటలు ఒకే ముక్క. ఆ చెట్టు కింద ఆయన్ని ఎవరూ పిలవరు. హాబీ అనేదానికి కావాల్సింది అలాంటి తెగని ముక్క. అది లేనివాళ్లకి మిగిలేవి మధ్యలో లేచిపోయినా నష్టం లేని కాలక్షేపాలు. మా అమ్మమ్మ కాలంలో మధ్యాహ్నం అరుగు మీద వామనగుంటలు, గవ్వలాట. పిల్లాడు ఏడిస్తే గింజలు కొంగులో పోసుకుని లేచిపోవచ్చు. సీరియల్ కూడా అంతే, నాలుగు రోజులు చూడకపోయినా కథ అక్కడే ఉంటుంది. దాన్ని చూసి నవ్వేవాళ్లు ఇది ఆలోచించరు.

ఒక జనవరిలో ఆవిడ కూడా తేలినీలాపురం వెళ్లింది. అత్తగారిని ఆ పూట నేను చూసుకుంటానన్నాను. తిరిగొచ్చాక, కొంగలు ఎలా ఉన్నాయక్కా అని అడిగితే, "బాగున్నాయిలే. టెక్కల్లో హోటల్లో పూరీ తిన్నాం. ఎవరో వండింది ఎవరో తెచ్చి పెట్టీసినారు" అంది. కొంగల గురించి అంతకన్నా రాలేదు. బావగారు కొంచెం నొచ్చుకున్నారు. దీన్ని బట్టి ఆవిడకి సౌందర్య దృష్టి లేదని ఆయన తేల్చుకున్నారు గానీ, ఇంకో నాలుగుసార్లు వెళితే ఆవిడ కళ్లు కొంగల మీదకి పోతాయో లేదో చూడకుండా తేల్చకూడదు.

పేకాటకి ఈ లెక్క సరిపోతుందా?

ఈ వాదన ఎక్కడ బెసుకుతుందో నాకూ తెలుసు. నా వంతు పని చేసేశాను, ఇక నా ఇష్టం అని పేకాటరాయుడు అంటే? రమ్మీలో ప్రధానంగా ఉన్నది నైపుణ్యమే అని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. మా దూరపు బాబాయి ఒకాయన ఉన్నారు, పెళ్లి చేసుకోలేదు, పెన్షన్ వస్తుంది, తన అన్నం తనే వండుకుంటారు, సాయంత్రం నలుగురు మిత్రులతో పది రూపాయల ముక్కలాట. ఊళ్లో అందరూ ఆయన్ని చెడిపోయాడంటారు. నా లెక్క ప్రకారం ఆయన బావగారి కన్నా నిక్కచ్చిగా నెగ్గుతారు. ఆయన ఆటకి ఎవరూ నాలుగింటికి లేవడం లేదు.

కోడిపందెం నెగ్గదు. మా వైపు గోదావరి జిల్లాలంత జోరు లేకపోయినా సంక్రాంతికి అక్కడక్కడా ఉంటుంది. సంప్రదాయం అంటారు, మీకు అర్థం కాదంటారు. అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఖర్చు భరించేది ఎవరో కళ్ల ముందే ఉంది, కాలికి కత్తి కట్టి.

నాకు తెగనిది ఫోను. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటివి మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. అప్పులపాలైన ఇళ్లు చూశాక దాని మీద వాదన లేదు. ఊరికే చూసే రీల్స్ సంగతేమిటి? డిగ్రీ చదివే కుర్రాడు రాత్రి రెండింటి దాకా దుప్పట్లో చూస్తాడు. ఎవరి పనీ వాడి మీద వాలలేదు, వాడి పని ఎవరి మీదా పడలేదు. పోయేది వాడి నిద్రే. నా ప్రశ్న అక్కడ ఏమీ పట్టుకోలేదు, అయినా నాకు అది నచ్చదు. నచ్చకపోవడానికి కారణం నా దగ్గర లేదు కాబట్టి మా అబ్బాయితో వాదనలో నేనే ఓడిపోతుంటాను.

ఇక నాది. ఆదివారం పేపర్లో వచ్చే పదాల పజిల్ నింపడం. ప్రైజు లేదు, నింపాక ఎవరికీ చూపించను. మావారికి ఇది గాలం కన్నా వింత. టీ పెట్టి ఇస్తారు, కూరగాయలు తెస్తారు, అంచేత మా ఇంట్లో బిల్లు సర్దుబాటయిందనే అనుకునేదాన్ని. అయితే ఆ గంటలో వంటింట్లో గిన్నెలు తోమే చప్పుడు వస్తుంటుంది కదా. పని చేసే ఆమెకి జీతమిస్తున్నాం, ఇంకేమిటి అంటారు మావారు. అది కూడా జవాబే. విజ్జీ కూడా అందరికీ డబ్బిచ్చే ఆడించుకున్నాడు.

ఒకరోజు ఆమెని అడిగాను, నీకు సరదాగా ఏం చేయాలనుంటుంది అని. "పడుకోవాలనుంటాదమ్మా" అంది. అది కాదు, చిన్నప్పుడు ఏమిష్టం అంటే, తప్పెటలు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్లంటే పడిచస్తుందట, వాళ్ల నాన్న దళంలో ఆడేవాడట, ఎక్కడ ఆడినా రాత్రంతా నిలబడి చూసేదట. ఇప్పుడెళ్లవా? "ఎల్తే తెల్లారి మీ గిన్నెలెవులు తోముతారు?" అని నవ్వింది. నవ్వింది గానీ, వేళాకోళం కాదు.

మర్నాడు సెలవు తీసుకోమంటే తీసుకుంటుంది, ఇంకో నాలుగిళ్ల వాళ్లు ఇవ్వరు. మా వీధిలో నలుగురం కలిసి నెలకి రెండు ఆదివారాలు అందరం ఒకేసారి ఇద్దామని నేను అడిగి చూశాను. ఇద్దరు సరేనన్నారు. మూడో ఆవిడ, ఆమె ఖాళీ ఉంటే ఏం చేసుకుంటుంది, ఏమొస్తుంది ఆమెకి, అంది. ఆ ఇంట్లో ఆయన శని ఆదివారాలు విశాఖ వెళ్లి సైక్లింగ్ చేస్తారు.